యంత్రానికి యంత్రమే పరీక్షాధికారి

(బెంగుళూరులో మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఈసారి మమ్మల్ని మాట్లాడమన్నారు. మేము రైల్వేలో గుమాస్తా పని చేసుకునేవారము. మా చదువు మెట్రిక్‌తో ఆగిపోయింది. సాహిత్యోపన్యాసం మా వల్ల అయ్యేది కాదు, పంచాంగ శ్రవణానికి శాస్త్రులవారు ఉండనే ఉన్నారు. కాబట్టి మాకు నాలుగేళ్ళుగా పరిచయమైన ఒక పనిని గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాము. ఆ పని పేరు సాఫ్టువేరు టెస్టింగు. అందులోనూ మనిషి కూర్చుని మీటలు నొక్కి చూసే టెస్టింగు కాదు; ఒక ప్రోగ్రామును మరొక ప్రోగ్రాము చేత పరీక్ష చేయించటం.

ఈ విషయమే ఎందుకంటారా? మనవాళ్ళలో సాఫ్టువేరు ఉద్యోగి లేని ఇల్లు కోసం ఈ రోజున వెతుక్కోవాలి. సంబంధాల మాటలప్పుడు మేము చాలాసార్లు విన్నాము. “అబ్బాయి ఏం చేస్తాడండీ?” “సాఫ్టువేరండీ.” “అందులో?” “టెస్టింగండీ.” అంతటితో ఎదుటివారి ముఖం కొంచెం చిన్నబోతుంది. మా క్వార్టర్సుకు ఎదురుగా ఉండే రిటైర్డు గార్డుగారొకరు, “మా అమ్మాయిది ఇంకా టెస్టింగేనండీ, డెవలప్‌మెంటులోకి రాలేదు,” అని క్షమాపణ చెప్పుకున్నట్టు అంటూ ఉంటారు. ముప్పయ్యేళ్ళు ఎర్రజెండా, పచ్చజెండా చేతబట్టుకుని బండి వెనకాల నిలబడ్డ మనిషి నోట ఆ మాట రావటం మాకు వింతగానే ఉంటుంది. ఆ అమ్మాయి చేస్తున్నది అచ్చంగా ఆయన చేసిన ఉద్యోగమే మరి.

మాకు ఈ పని ఎలా అంటుకున్నదో చెప్పి అసలు సంగతిలోకి వస్తాము. మన సంఘం సభ్యుల జాబితా, చందా లెక్కలు ఒకప్పుడు ఖాతాపుస్తకంలో ఉండేవి. మన కుర్రవాళ్ళిద్దరు వాటిని పైథాన్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాముగా వ్రాశారు. లెక్క సరిచూసే పని మాకు అప్పగించారు, గుమాస్తాలకు అది చేతనవుతుందని కాబోలు. ప్రతిసారీ కూర్చుని చేత్తో సరిచూడటం దేనికని వాళ్ళే మాకు పైటెస్ట్ అనే సాధనం చూపించారు. అభ్యాసం కోసం మాకు నోటికి వచ్చిన రైల్వే నిబంధనలు తీసుకున్నాము. చందా లెక్కకంటే అవే తేలికగా అర్థమవుతాయి గనుక ఇక్కడ ఆ ఉదాహరణలే చెబుతాము.

పిల్లల టిక్కెట్టు సంగతి మీ అందరికీ తెలిసినదే. అయిదేళ్ళు నిండని పిల్లకు బెర్తు అడగకపోతే టిక్కెట్టు లేదు. అయిదు నిండి పన్నెండు నిండనివారికి, బెర్తులున్న తరగతుల్లో, బెర్తు అక్కరలేదంటే సగం ఛార్జీ. బెర్తు కావాలంటే 2016 ఏప్రిల్ 21 నుంచి పూర్తి ఛార్జీ. పన్నెండు నిండితే పెద్దల లెక్కే. ఈ నిబంధనను ఒక ప్రోగ్రాముగా వ్రాశామనుకోండి. వయస్సు ఇస్తే, బెర్తు కావాలో వద్దో చెబితే, ఛార్జీ చెబుతుంది. అది సరిగ్గా చెబుతున్నదో లేదో ఎలా తెలుస్తుంది?

కొత్తవాడు ఎనిమిదేళ్ళ పిల్లవాడిని పెట్టి చూస్తాడు. సగం ఛార్జీ వస్తుంది, బాగుందంటాడు. కాని ఎనిమిది దగ్గర ఎవరూ తప్పు చెయ్యరు. తప్పు జరిగేది గట్టుమీద. “అయిదు దాటితే” అనటానికీ “అయిదు నిండితే” అనటానికీ ప్రోగ్రాములో ఒక్క గుర్తు తేడా. అందుచేత పరీక్షకు నాలుగు, అయిదు, పదకొండు, పన్నెండు ఏళ్ళ పిల్లలను పంపాలి. ఒక్కొక్కరిని రెండుసార్లు, బెర్తుతో ఒకసారి, బెర్తు లేకుండా ఒకసారి. మొత్తం ఎనిమిది ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ జవాబును ముందుగానే, ప్రోగ్రామును అడగకుండా, నిబంధన పుస్తకం చూసి మనమే వ్రాసుకోవాలి. ఇది ముఖ్యం. ప్రోగ్రాము ఏం చెప్పిందో చూసి అదే జవాబుగా దింపుకుంటే, పక్కవాడి కాగితంలో కాపీ కొట్టి ఇద్దరి జవాబులూ ఒకటేనని సంతోషించినట్టు ఉంటుంది.

ఈ ఎనిమిది ప్రశ్నలూ ఒక ఫైలులో పెట్టి ఒక్క ఆజ్ఞ ఇస్తే యంత్రం రెప్పపాటులో అన్నీ అడుగుతుంది. సరిపోయిన ప్రతి ప్రశ్నకూ తెరమీద ఒక చుక్క పెడుతుంది. మా ఇంట్లో ఆ చుక్కల వరుస చూసి ముగ్గు ఎప్పుడు కలుపుతారని అడిగారు. ఒక్కటి తప్పినా చుక్కకు బదులు ఒక అక్షరం పడుతుంది, కింద ఎర్రగా వస్తుంది. రావలసిన జవాబు ఇది, వచ్చినది ఇది, ఫలానా పంక్తి అని చెబుతుంది. ఏ మేలధికారీ ఇంత మర్యాదగా తప్పు చూపించి ఉండడు.

ఈ పద్ధతికి పూర్వులు లేకపోలేదు. కెంట్ బెక్ అనే అమెరికా ఆయన స్మాల్‌టాక్ భాష కోసం ఇలాంటి సాధనం ముందే చేసి ఉన్నాడు. ఎరిక్ గామా అనే స్విట్జర్లాండు ఆయనతో కలిసి 1997లో జ్యూరిచ్ నుంచి అట్లాంటాకు విమానంలో వెళుతూ ఆ దారిలోనే జావా భాషకు జేయూనిట్ అనే సాధనం వ్రాశారు. ఆ మాదిరినే తరువాత ఇంచుమించు అన్ని భాషలకూ సాధనాలు వచ్చాయి. 2004లో షికాగోలో జేసన్ హగ్గిన్స్ అనే ఆయన సెలీనియం మొదలుపెట్టాడు; అది మనిషి లాగా బ్రౌజరు తెరిచి, పేరు టైపు చేసి, మీట నొక్కి చూస్తుంది. మా మటుకు మేము అంత దూరం పోలేదు.

ఇక ఏర్పాట్ల సంగతి. టెస్టు వ్రాయటం సగం పనే, దాన్ని నడిపే ఏర్పాటు మిగతా సగం. నిజానికి ఈ రెండో సగంలోనే చాలామంది పడిపోతారు.

మొదటి ఏర్పాటు శుభ్రమైన ఆరంభం. మా బుకింగు కౌంటరులో ఒక కట్టుబాటు ఉన్నది. గుమాస్తా డ్యూటీలోకి దిగేముందు తన జేబులో సొంత డబ్బు ఎంత ఉన్నదో పుస్తకంలో వ్రాసి సంతకం పెట్టాలి. అది వ్రాయకపోతే సాయంత్రం సొరుగులో ఎంత ఉన్నా ఏదీ తేలదు. టెస్టుకూ అంతే. అది మొదలయ్యే క్షణంలో డేటాబేసులో ఏమేమి ఉన్నవో ఖాయంగా తెలియాలి. దానికి సంఘం అసలు లెక్కలు వాడకూడదు. వేరే ఖాళీ డేటాబేసు తెరిచి, అందులో ముగ్గురు సభ్యులను వేసి, పరీక్ష చేసి, చివర తుడిచెయ్యాలి. పైటెస్ట్‌లో ఈ ఏర్పాటును ఫిక్స్చర్ అంటారు. ప్రతి టెస్టుకూ అదే తిరిగి పరుస్తుంది, అదే ఎత్తేస్తుంది. ఒక టెస్టు వదిలిన ఎంగిలి మరొక టెస్టు తినరాదు. ఇది నిజంగా కుదిరిందా లేదా అని చూడాలంటే టెస్టులను వరుస మార్చి నడపాలి. వరుస మారిస్తే ఫలితం మారినదంటే ఎక్కడో ఎంగిలి మిగిలిందన్నమాట.

రెండవది కాలం. ఇది కొంచెం నిదానంగా చెప్పవలసిన విషయం. మన ఇళ్ళల్లో చాలామంది విజయవాడలో అచ్చయిన పంచాంగం తెప్పించుకుంటాము. అందులో సూర్యోదయం విజయవాడకు లెక్కకట్టినది. బెంగుళూరు దానికి సుమారు మూడు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు ఒక పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. గణితం తప్పు కాదు, పంచాంగం తప్పు కాదు. ఊరు వేరు. తిథి సరిగ్గా సూర్యోదయం దగ్గర మారే రోజున ఆ పన్నెండు నిమిషాలే పండుగ ఇవాళా రేపా అనే తగాదా తెచ్చిపెడతాయి.

కంప్యూటర్లకూ ఇదే తగాదా ఉన్నది. రిజర్వేషను ఎన్ని రోజుల ముందు దొరుకుతుందనే నిబంధన చూడండి. 2024 నవంబరు 1 నుంచి 120 రోజులు పోయి, ప్రయాణం రోజు కాక 60 రోజులు అయింది. “ఇవాళ అడిగితే చివరిగా ఏ తేదీకి టిక్కెట్టు దొరుకుతుంది?” అని చెప్పే ప్రోగ్రాము ఒకటి ఉన్నదనుకోండి. దానికి “ఇవాళ” అంటే ఏది? టెస్టులను నడిపే యంత్రాలు సాధారణంగా గ్రీన్విచ్ కాలం మీద ఉంటాయి, మన గడియారం దానికి అయిదున్నర గంటలు ముందు. కనుక మనకు అర్ధరాత్రి దాటినప్పటి నుంచి తెల్లవారుజామున అయిదున్నర వరకూ ఆ యంత్రానికి ఇంకా నిన్నే. జవాబు మన తేదీ ప్రకారం వ్రాసి, ప్రోగ్రాము యంత్రం తేదీ ప్రకారం లెక్కకడితే, ఆ టెస్టు రాత్రి రెండింటికి ఎర్రగా వస్తుంది. ప్రొద్దున పదింటికి మనిషి వచ్చి తిరిగి నడిపితే పచ్చగా వస్తుంది. “రాత్రి ఏదో అయింది లెండి,” అని ఊరుకుంటారు. ప్రతి రాత్రీ ఏదో అవుతూనే ఉంటుంది.

మందు తేలికే. ప్రోగ్రాము తనంతట తాను గడియారం చూడకూడదు. ఇవాళ ఏ తేదీయో మనం చెప్పాలి. టెస్టులో ఒక తేదీని మేకు కొట్టినట్టు నిలబెట్టాలి. నిలబెట్టిన తేదీలు కూడా ఏరుకోవాలి: ఫిబ్రవరి 29, డిసెంబరు 31, నిబంధన మారిన నవంబరు 1, దానికి ముందురోజు.

మూడవది, మాకు అన్నిటికంటె ముఖ్యమని తోచినది, సిగ్నళ్ళతో కలిపి చెప్పవలసినది. సభలో రైల్వే కుటుంబాలు చాలా ఉన్నాయి గనుక వారికి ఇది వెంటనే అర్థమవుతుంది. మా లైనులో ట్రాక్ సర్క్యూట్ అనే ఏర్పాటు ఉన్నది. పట్టాల గుండా సన్నని కరెంటు పారుతూ ఒక రిలేను పైకి పట్టి ఉంచుతుంది. బండి వచ్చి నిలబడితే ఆ కరెంటు చక్రాల గుండా పోతుంది, రిలే పడిపోతుంది, సిగ్నలు ఎర్రబడుతుంది. గమనించవలసింది ఏమంటే, పట్టా విరిగినా రిలే పడుతుంది, తీగ తెగినా పడుతుంది, కరెంటు పోయినా పడుతుంది. ఏ పాడు జరిగినా ఎరుపే. పచ్చ వెలగాలంటే అన్నీ సవ్యంగా ఉండి తీరాలి.

టెస్టుల వ్యవహారం దీనికి తలక్రిందులు. అక్కడ తీగ తెగితే పచ్చ వెలుగుతుంది! పైటెస్ట్ దానంతట అదిగా ఏ ఫైళ్ళు తీసుకుంటుందంటే, పేరు మొదట్లో గాని చివర గాని టెస్ట్ అనే మాట అడుగుగీతతో తగిలించి ఉన్నవే. లోపలి ప్రశ్నల పేర్లు కూడా ఆ మాటతోనే మొదలు కావాలి. ఒకడు తొందరలో ఫైలుకు వేరే పేరు పెట్టాడు. దాన్ని యంత్రం చూడదు, చూడలేదని చెప్పదు. మిగిలిన నూరు టెస్టులూ చుక్కలు పెట్టుకుంటూ పోతాయి, చివర పచ్చ. ఇంకొకడు ప్రశ్న అడిగి జవాబు పోల్చటం మరచిపోయాడు. దానికీ ఒక చుక్కే. మరొకడు “దీన్ని ప్రస్తుతానికి వదిలెయ్యి” అని గుర్తు పెట్టాడు. వదిలేశామని ఒక మూల చిన్న అక్షరం వస్తుంది గాని, పచ్చదనానికి లోటు రాదు. మొత్తం అన్నీ పోయి ఒక్క టెస్టూ దొరకనప్పుడు మాత్రం పైటెస్ట్ 5 అనే సంకేతం ఇచ్చి ముగుస్తుంది. అదైనా, నడిపించే పై యంత్రం ఆ సంఖ్యను లక్ష్యపెట్టేటట్టు ఏర్పాటు చేసి ఉంటేనే పనికివస్తుంది.

అందువల్ల మేము మా చిన్న ఏర్పాటును సిగ్నళ్ళ దారికి త్రిప్పుకున్నాము. ఎన్ని టెస్టులు నడవాలో ఆ సంఖ్య ఒక ఫైలులో వ్రాసి ఉంటుంది. దానికి ఒకటి తగ్గినా ఎరుపే. వదిలేసిన టెస్టు పక్కన కారణమూ, వదిలిన తేదీ, మళ్ళీ చూడవలసిన తేదీ లేకపోతే ఎరుపే. ఆపైన నెలకొకసారి ప్రోగ్రామును మేమే కావాలని పాడుచేస్తాము. “నిండితే” ఉన్నచోట “దాటితే” అని మారుస్తాము, కూడిక ఉన్నచోట తీసివేత పెడతాము. అప్పుడు ఎరుపు రావాలి. రాకపోతే ఆ టెస్టు ఉత్త అలంకారం. ఇది మా సొంత ఆలోచన కాదు సుమండీ. డిమిల్లో, లిప్టన్, సేవర్డ్ అనే ముగ్గురు 1978లోనే దీన్ని వ్యాసంగా అచ్చువేశారు. ఇప్పుడు ఆ పాడుచేసే పనిని కూడా యంత్రాలే చేసిపెడుతున్నాయి.

పచ్చ చూసి మోసపోవటం ఎంతదాకా పోతుందో లోకమంతా ఒకసారి చూసింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ పంపిన చిన్న ఫైలు వల్ల, మైక్రోసాఫ్టు వేసిన అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెరతో ఆగిపోయాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేత్తో వ్రాసి ఇచ్చారు. టెస్టులు లేక ఇది జరగలేదు. ఆ కంపెనీ ఆగస్టులో ప్రకటించిన నివేదికలోనే ఉన్నది: ఒకచోట 21 గడులు ఉంటాయని వ్రాశారు, నింపే ప్రోగ్రాము మాత్రం 20 గడులే నింపుతున్నది. టెస్టులన్నిటిలోనూ ఆ 21వ గడికి “ఏదైనా సరే” అనే గుర్తు పెట్టి ఉంచారు. ఏదైనా సరే అన్నచోటికి ఎవరూ వెళ్ళి చూడరు గనుక, ఆ గడి లేదనే సంగతి ఏ టెస్టుకూ తగల్లేదు. జూలై 19న మొదటిసారిగా ఆ గడిలో ఉన్నదేమిటో చూడమనే ఫైలు వెళ్ళింది. లేని గడిని చూడబోయి యంత్రం కూలింది. టెస్టులు తప్పు ఉన్నదని చూపించగలవే గాని లేదని రుజువు చెయ్యలేవని డైక్స్ట్రా అనే డచ్చి పండితుడు 1969లోనే హెచ్చరించాడు. ఆ హెచ్చరిక వయస్సు మాకంటె ఎక్కువ.

దీనికి ఎదురు జబ్బు ఒకటి ఉన్నది. ఏమీ మారకుండానే ఒకసారి పచ్చగా, ఒకసారి ఎర్రగా వచ్చే టెస్టులు. ఇంగ్లీషువాళ్ళు వాటిని ఫ్లేకీ అంటారు. మేము నిలకడ లేని టెస్టులందాము. గూగులువంటి కంపెనీలోనే తమ టెస్టుల్లో ఇంచుమించు నూటికి 16 ఎంతో కొంత నిలకడ లేనివేనని 2016లో చెప్పుకున్నారు. కారణాలు ఇందాక చెప్పినవే ఎక్కువ: మిగిలిన ఎంగిలి, నిలబెట్టని గడియారం, ఇవి కాక అవతలి యంత్రం జవాబు వచ్చేదాకా ఆగకుండా “రెండు సెకన్లు చాలు” అనుకోవటం. ఎర్రగా వస్తే తిరిగి నడుపు, పచ్చ వచ్చేదాకా నడుపు అనే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. జ్వరం తగ్గి కనబడేదాకా థర్మామీటరు దులుపుతూ కూర్చున్నట్టు. ఆ అలవాటు పట్టాక నిజమైన ఎరుపు వచ్చినా ఎవరూ తల ఎత్తి చూడరు. అలాంటి టెస్టును విడిగా కట్టేసి, బాగుచేసి మళ్ళీ మందలో కలపాలి. బాగుపడనిదైతే తీసేసి, తీసేశామని వ్రాసి పెట్టటం నయం.

ఇందాక గార్డుగారి అమ్మాయి మాట అన్నాము. ఆ అమ్మాయి పనిచేసే కంపెనీ పేరు మేము చెప్పము, మీరు అడగవద్దు. ఒక పండుగ ముందు కొత్త ప్రోగ్రాము విడుదల చెయ్యాలని తొందరలో ఉన్నారు. నాలుగు టెస్టులు ఎర్రగా ఉన్నాయి. పై అధికారి, వాటిని వదిలెయ్యమని గుర్తు పెట్టమన్నాడు. ఆ అమ్మాయి పెడతానన్నది. అయితే ఎవరు వదలమన్నారో, ఎందుకో ఒక్క పంక్తి పక్కన వ్రాస్తానన్నది. ఆయన వ్రాయనివ్వలేదు. వాళ్ళిద్దరికీ మాటామాటా వచ్చింది. చివరకు వేరొకరి చేత ఆ గుర్తులు పెట్టించారు. అక్కడ అప్పటికే అలా వదిలేసినవి నలభై మూడు ఉన్నాయట, ఎవరు ఎందుకు వదిలారో తెలిసినవారు ఒక్కరూ ఉద్యోగంలో లేరు. ఆ సంవత్సరం అమ్మాయికి గ్రేడు తగ్గించారు, కలుపుగోలుతనం చాలదని వ్రాశారు. “అన్నయ్యగారూ, ఎర్రదీపం వెలిగించినది నేను కాదు, వెలిగినదని చెప్పాను, అంతే,” అన్నది మాతో. ఏమని సమాధానం చెబుతాము? మా లైనులో ఎర్ర సిగ్నలును దాటించాలంటే పద్ధతి ఉన్నది, కాగితం ఉన్నది, సంతకం ఉన్నది. డ్రైవరు చేతికి ఆ కాగితం రానిదే బండి కదలదు. ఆ అమ్మాయి అడిగినది ఆ కాగితాన్నే. ఈ సంగతి వాళ్ళ నాన్నగారికి తెలియదు, తెలియనివ్వాలని అమ్మాయికి లేకపోయింది. అందుకు ఒప్పుకున్న తరువాతనే ఈ సభలో చెబుతున్నాము. ఆయన ముందు వరసలో కూర్చుని వింటున్నారు.

నిబంధన మారినప్పుడు వచ్చే ఎరుపు మరొక రకం. అరవై ఏళ్ళు నిండిన పురుషులకు నూటికి నలభై, యాభై ఎనిమిది నిండిన స్త్రీలకు నూటికి యాభై రాయితీ ఉండేది. 2020 మార్చిలో దాన్ని నిలిపివేశారు. ప్రోగ్రామును ఆ ఆజ్ఞ ప్రకారం మార్చిన మరుక్షణం రాయితీ టెస్టులన్నీ ఎర్రగా వస్తాయి. ఇది మంచి ఎరుపు. ఇక్కడ ప్రోగ్రాము తప్పా, టెస్టు తప్పా అని నిదానించి చూసి, ఉత్తర్వు చేత పట్టుకుని టెస్టును మార్చాలి. మా ఆఫీసులో నిబంధన పుస్తకానికి కరెక్షను స్లిప్పు వస్తే నంబరూ తేదీ వేసి అక్కడే అంటిస్తాము. టెస్టులో కూడా జవాబు పక్కన ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ తేదీ నుంచి అన్నది వ్రాసి ఉంచితే పదేళ్ళ తరువాత వచ్చినవాడు మన ప్రాణం తియ్యడు.

ఇక మన భాష సంగతి చెప్పి ముగిస్తాము. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతా పత్రికలకెక్కింది, చూసే ఉంటారు. ఆపిల్ ఫోన్లలో 11.2.5 అనే వ్యవస్థ ఉన్నవాటికి ఎవరైనా “జ్ఞా” అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన వరుసలో పంపితే, ఆ సందేశం తెరిచిన ప్రోగ్రాము అక్కడికక్కడే కూలిపోయేది. మామూలుగా “జ్ఞానం” అని టైపు చేస్తే ఏమీ కాదు. జ, దాని కింద విరామం, ఞ, తరువాత కంటికి కనబడని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరుసతోనే చిక్కు. ఆ కనబడని గుర్తు అక్షరాలను అతకకుండా విడిగా ఉంచటానికి యూనికోడ్‌లో ఏర్పరచినది. బెంగాలీలోనూ కొన్ని వరుసలకు ఇదే గతి పట్టింది. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేశారు. పనిలేనివాళ్ళు ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకుని ఫోన్లు పాడుచేసుకుని నవ్వుకున్నారు. మాకు నవ్వు రాలేదు. ఆ అయిదు గుర్తుల వరుస ఏ ఒక్క టెస్టులో ఉన్నా ఎరుపు వెలిగి, ఆ తప్పు గడప దాటకుండా ఆగేది.

మన అక్షరం కంటికి ఒకటి, యంత్రానికి అనేకం. “శ్రీ” మనకు ఒక్క అక్షరం. యంత్రానికి శ, విరామం, ర, ఈత్వం, మొత్తం నాలుగు. “లక్ష్మి” మనకు రెండు, యంత్రానికి ఏడు. దాన్ని దాచటానికి మామూలు పద్ధతిలో ఇరవై ఒక్క బైట్లు పడుతుంది. పేరుకు ఇరవై స్థానాలు చాలునని ఇంగ్లీషు లెక్కన గిరిగీస్తే, లక్ష్మి అనే ఒక్క పేరు కూడా పట్టక చివర ఇకారం తెగిపోవచ్చు. పైగా ప్రవాసంలో ఉన్న మనకు ఇంటిపేరు బాధ ఒకటి. ఫారాలలో ఇంటిపేరును చివర పెట్టమంటారు, మనకది ముందు. తమిళనాట పెరిగిన మనవాళ్ళలో తండ్రి పేరు మొదటి అక్షరం మాత్రమే ఉన్నవారున్నారు. ఒక్కటే పేరున్న ముసలమ్మలున్నారు. చివరి పేరు గడి ఖాళీగా ఉంటే కొన్ని ప్రోగ్రాములు ముందుకు కదలవు.

కనుక కంపెనీల్లో టెస్టింగు చేస్తున్న మన పిల్లలకు ఒక విన్నపము. మీ టెస్టుల్లో జాన్, స్మిత్ అనే పేర్లే పెట్టి ఊరుకోకండి. జ్ఞానప్రసూనాంబను పెట్టండి, ఒక్కటే పేరున్న ముసలమ్మను పెట్టండి, “స్త్రీ” అనే మాట పెట్టండి. మీరు పెట్టకపోతే పెట్టటానికి మరొకరు ఎవరున్నారు?

మా ప్రోగ్రాములో ప్రస్తుతం నూట పన్నెండు టెస్టులున్నాయి. వాటిలో ముప్పయ్యారు పేర్లకు సంబంధించినవే. ఉగాది సంచిక చివర అచ్చు వేయబోయే సభ్యుల జాబితా ఆ ప్రోగ్రాము నుంచే వస్తుంది. అందులో మీ పేరు గాని, ఇంటిపేరు గాని, ఒక్క ఒత్తు గాని తేడాగా కనబడితే దయచేసి మా కౌంటరుకు రాకండి, అక్కడ క్యూ ఉంటుంది. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు సంఘం గ్రంథాలయం గదిలో ఉంటాము. పేరు ఎలా ఉండాలో ఒక చీటీ మీద వ్రాసి తెండి. ముందు దాన్ని టెస్టుగా వ్రాసి, ఎరుపు వచ్చిందో లేదో మీ ముందే చూసి, అటుపిమ్మట ప్రోగ్రామును దిద్దుతాము.